కొనక విడిచిన కారు

నలుగురు పెద్దమనుష్యులు ఒకచోట కూర్చుండి కాఫీ పుచ్చుకొనుచుండగా ఏదో ఒక నిమిషమున ఈ మాట రాక తప్పదు: "ఆ రోజుల్లో ఆ కారు తీసుకుని ఉంటేనా!" ఒకరు చేజార్చుకొనినది మారిస్ మైనరు. మరియొకరిది మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డు, ముందుభాగమంతయు పెట్టెమూతవలె ఒక్కసారిగా లేచునట్టిది. ఇంకొకరికి ఎవరో జమీందారుగారి దివాణములో ధాన్యపు బస్తాల నడుమ దుమ్ముకొట్టుకొనియున్న బ్యూక్ కారును రెండువేలకే ఇత్తుమనిరట. నాటి ధర చెప్పునప్పుడు గొంతు తగ్గును. నేటి వెల చెప్పునప్పుడు హెచ్చును. కథ ముగియు వేళకు చూపులు వంటయింటి గుమ్మమువైపునకు మరలును. "మా ఆవిడ వద్దంది."

ఈ చివరి వాక్యమును మేము ఎన్ని ఇండ్లలో వింటిమో లెక్కలేదు. మా ఇంటిలోనే ఇరువదియైదేండ్లకు పైబడి వినుచున్నాము. కావున ఈ మాసము పాఠక సోదరీమణులతో ఈ సంగతిని గూర్చి ముచ్చటింపదలచితిమి. మా తప్పును గూడ ఒప్పుకొనవలసియున్నది. అయితే అది మావారు నలుగురిలో చెప్పు తప్పు కాదు.

ఈ చింత మనకే పుట్టినది కాదు. పెద్ద దేశములవారి చింతలు మరింత పెద్దవి. ఇటలీ దేశపు ఫెరారీవారు 1962 మొదలు 1964 వరకు 250 జీ.టీ.ఓ. అను పందెపు కార్లను 36 మాత్రమే చేసిరి. పందెపు కారునకు ఆయుస్సు తక్కువ. రెండేండ్లలో క్రొత్తది వచ్చి దానిని ఓడించును, ఓడినదానిని అడుగువారుండరు. అట్టివానిలో ఒకటి అమెరికాలో టెక్సాసు రాష్ట్రమునందలి విక్టోరియా అను ఊరి ఉన్నత పాఠశాలకు దానముగా వచ్చినది. పిల్లలకు మరమ్మతు పని నేర్పుటకు అది పనికివచ్చినది. 1972లో పాఠశాలవారు దానిని 6,500 డాలర్లకు అమ్మివేసిరి. కొనినవారును దానిని నెత్తిన పెట్టుకొనలేదు. ఒహాయో రాష్ట్రములో అది ఆరుబయట ఏండ్ల తరబడి ఎండకు ఎండి, వానకు తడిసినది. 2018 ఆగస్టులో ఆ జాతిదే అయిన వేరొక కారు కాలిఫోర్నియాలోని వేలములో 4 కోట్ల 84 లక్షల డాలర్లు పలికినది. ఈ వార్త చదివిన మగవారందరును ఆ పాఠశాలవారిని అమాయకులనిరి. మా మనస్సు మాత్రము ఆ 6,500 డాలర్లతో బడిపిల్లలకు ఏ పనిముట్లు వచ్చినవో అని అటు పోవును.

ఇంతకంటె రుచిగల కథ ఫ్రాన్సు దేశమునది. ఎత్తోరె బుగాటీ అను కార్ల నిర్మాత చక్రవర్తులకును మహారాజులకును తగిన కారును చేయదలచి 'రాయేల్' అను పేరుతో ఆరు కార్లను చేసెను. ఏనుగువంటి కారు. కాలము కలిసిరాలేదు. 1930 ప్రాంతమున లోకమంతట వ్యాపారములు కూలిపోవుచుండెను. ఆరింటిలో మూడే అమ్ముడుపోయినవి. ఒక్క రాజైనను కొనలేదు. మిగిలినవి కుటుంబమువారి చేతనే ఉండిపోయినవి. యుద్ధము వచ్చినప్పుడు జర్మనులు పట్టుకొనిపోవుదురేమో అను భయముచే ఎర్మెనోన్‌విల్ అను చోట వానిని నిలిపి, ఎదుట గోడ కట్టించి దాచిరి. యుద్ధము ముగిసినది. కుమారుడు జాన్ 1939లోనే ప్రమాదమున మరణించియుండెను. 1947లో తండ్రియు పోయెను. 1950 వేసవిలో బ్రిగ్స్ కనింగ్‌హామ్ అను అమెరికా దేశపు పందెగాడు వచ్చి, ఆ కార్లలో రెండింటిని కొనెను. వెల ఎంతయనుకొందురు? రెండు లక్షల ఫ్రాంకులు, అనగా ఆరువందల డాలర్లయినను నిండవు. దానిపై రెండు క్రొత్త రిఫ్రిజిరేటర్లు!

ఆ రెండింటిలో ఒక కారు 1987లో లండను వేలమున 55 లక్షల పౌనులకు అమ్ముడయ్యెను. ఈ కథ చెప్పువారెల్లరు రెండు ఫ్రిజ్జులకు కారిచ్చిరా యని నవ్వుదురు. మాకు నవ్వు రాదు. ఆ దినములలో ఫ్రాన్సులో అట్టి యంత్రము డబ్బు పెట్టినను దొరకదు. గోడవెనుక నిలిచియున్న కారు పాలను విరుగకుండ కాపాడదు; దానికి పెట్రోలు పోసి నడుపు ధనమును ఇంటిలో లేదు. ఆ బేరమునందు ఇల్లు నడుపు చేయి ఒకటి ఉన్నదని మాకు తోచుచున్నది. కొనిన అమెరికావారు దానిని నడచునట్లు చేయుటకు ఎంత వెచ్చించిరో ఎరిగినచో నవ్వు మరికొంత తగ్గును. మరమ్మతులకు పది లక్షల ఫ్రాంకులకు పైగా పట్టినది.

మన దేశమున రాజుల కార్ల సంగతి వేరు. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖానుగారి కొరకు చేయించిన పసుపుపచ్చని రోల్సు రాయిసు కారు, ఆయన 1911లో స్వర్గస్థులైన పిదపనే వచ్చి చేరినది. నేడు దానిని హైదరాబాదు చౌమహల్లా ప్యాలెసులో చూడవచ్చును. 1971లో రాజభరణములు రద్దయిన తరువాత అనేక సంస్థానముల కారుషెడ్లు ఖాళీ అయినవి. అవి మనబోంట్లు కొనక విడిచినవి కావు, కొనగలిగినవియు కావు. మన చింతలు అంబాసిడరును గూర్చి, ఫియటును గూర్చి.

నేటి పిల్లలకు ఈ రెండు పేర్ల వెనుకనున్న నిరీక్షణ తెలియదు. అంబాసిడరు కలకత్తా చెంతనున్న ఉత్తరపారలోను, ఫియటు బొంబాయి కుర్లాలోను తయారగుచుండెను. సొమ్ము కట్టి, పేరు వ్రాయించుకొని, ఏండ్ల తరబడి ఉత్తరమునకై ఎదురుచూడవలెను. ఆ ఉత్తరము చేతికి వచ్చినచో కారుకంటె ముందుగా ఉత్తరమునకే పైధర పలుకుచుండెను. 1950ల నాటి ఫియటుకు ముందు తలుపులు వెనుక అంచున బిగించియుండుటచే ఎదురు గాలికి తెరచుకొనునట్లుండెడివి; దాని గుండ్రని ఆకారమును చూచి బొంబాయివారు 'డుక్కర్ ఫియట్' అనగా పంది ఫియటు అని ముద్దుపేరు పెట్టిరి. 1964లో వచ్చిన 1100 డిలైటు అను రకమే మన ఊళ్లలో ఎక్కువగా తిరిగినది. గేరు కర్ర స్టీరింగు చక్రము ప్రక్కనే ఉండును; కావున ముందు సీటు బల్లవలె ఏకముగా ఉండి, తండ్రికిని తల్లికిని నడుమ ఒక పిల్లవాడు ఒదిగి కూర్చుండెడివాడు. అదియే పిమ్మట పద్మిని యను పేర వెలసినది. పద్మిని తయారీ శతాబ్దము మారువేళకు ఆగిపోయెను. 2023 అక్టోబరు చివర బొంబాయి వీధులనుండి నలుపు పసుపు పద్మిని టాక్సీలును తొలగిపోయెను. అంబాసిడరు 2014లో నిలిచినది.

ఫియటు అనగానే స్త్రీలు తలచుకొనవలసిన పేరొకటి కలదు. లాల్ బహదూర్ శాస్త్రిగారు 1964లో ప్రధానమంత్రి అయిన పిదప గూడ వారికి సొంత కారు లేదు. కొందమన్న 12,000 రూపాయలు కావలసివచ్చినది. ఇంట ఉన్నవి 7,000. మిగిలిన 5,000 పంజాబ్ నేషనల్ బ్యాంకునుండి అప్పు తీసికొని ఫియటు కొనిరి. 1966 జనవరిలో తాష్కెంటులో శాస్త్రిగారు మరణించునాటికి ఆ అప్పు తీరలేదు. భార్య లలితా శాస్త్రిగారు తమకు వచ్చిన పింఛనునుండి ఆ అప్పును తీర్చివేసిరి. ఆ కారు నేటికిని ఢిల్లీలో శాస్త్రిగారి స్మారక భవనమునందున్నది. కారు కొనుట ఒకరి పని, దాని బాకీ మోయుట మరియొకరి పని అగుట ఇండ్లలో క్రొత్త కాదు. లలితగారి చేతిమీదుగా వెళ్లిన ఆ నెలనెలా రూకలను మేము కారుకంటె ఎక్కువగా తలపోయుదుము.

ఇక మా సంగతి.

అప్పుడు మేము విజయవాడ సత్యనారాయణపురములో కాపురముంటిమి. ప్రక్క ఇంటిలో ఒక వైద్యుని భార్య ఉండెడివారు. మేము పిన్నిగారని పిలిచెడివారము. డాక్టరుగారి ఫియటు 1965 నాటిది, లేత బూడిద వన్నె. ఆ వీధిలో రాత్రి రెండు గంటలకు ఆ కారు చప్పుడు వినబడినచో ఎవరి ఇంటనో పురుడు వచ్చినదని అందరికి తెలియును. మా రెండవ పిల్లయు ఆ కారులోనే ఆసుపత్రికి పోయిన ఫలము. డాక్టరుగారు 1993లో కాలము చేసిరి. అటు పిమ్మట పాత డ్రైవరు ప్రతి శుక్రవారము వచ్చి కారు తుడిచి, ఇంజను ఆడించి, పిన్నిగారిని వెనుక సీటులో కూర్చుండబెట్టుకొని వీధి చివరి రామాలయము వరకు పోయి తిరిగి వచ్చుచుండెను. నడచినచో మూడు నిమిషముల దూరము.

1996లో కుమారులు అమెరికానుండి వచ్చి, ఇంటిని అపార్టుమెంట్లు కట్టువారికి ఇచ్చుటకు నిశ్చయించిరి. పిన్నిగారికి అందులో ఒక వాటా వచ్చును. కారుషెడ్డు మాత్రము ఉండదు. ఒకనాటి సాయంకాలము ఆమె గోడ దగ్గరకు వచ్చి మమ్ము పిలిచిరి.

"అమ్మాయీ, కారు మీరు తీసుకోండి. ఇరవై వేలిస్తే చాలు. ఒక్కసారే ఇవ్వక్కర్లేదు, నెలకింత అని ఇవ్వండి. మీ వాకిట్లో ఉంటే నాకు కనపడుతూ ఉంటుంది."

మావారి ముఖము దీపమువలె వెలిగినది. మేము లోపల లెక్కలు కట్టుచుంటిమి. పెద్దమ్మాయికి ఆ యేడే ఇంజనీరింగు చదువునకు గుంటూరులో సీటు వచ్చినది. ఫీజు, హాస్టలు, పుస్తకములు. వంటయింటి పెంకులు వానకు కారుచుండెను. మావారికి స్కూటరు ఉండనే ఉన్నది. వద్దనవలెనని మాకు ఆ క్షణముననే తెలియును. కాని నోటివెంట వచ్చిన మాట వేరు: "ఆలోచించి చెబుతాం పిన్నిగారూ."

ఆ రాత్రి ఇంటిలో వాదము జరిగినది. తెల్లవారునప్పటికి మావారు ఒప్పుకొనిరి. ఆ ఉదయమే పోయి చెప్పవలసినది. పోలేదు. మరునాడును పోలేదు. ఆమెకు కష్టము కలుగునను మొగమాటమొకటి. బీదరికము బయటపడునను సిగ్గొకటి. గోడమీదుగా కరివేపాకు అందుకొనునప్పుడు వానల సంగతి మాటలాడితిమి, ఉల్లిపాయల ధర మాటలాడితిమి, కారు మాట ఎత్తలేదు. ఆమెయు పెద్దరికముచే అడుగలేదు. మూడు వారములు అట్లే గడచినవి.

ఒకనాటి మధ్యాహ్నము ఆటోనగరునుండి ముగ్గురు మనుష్యులు లారీ తీసికొని వచ్చిరి. విజయవాడ ఎరిగినవారికి ఆటోనగరు అనగా చెప్పనక్కరలేదు. అక్కడ బండ్లు కట్టుటయు కలదు, కోయుటయు కలదు. వీరు కోయువారు. వారు కారును షెడ్డునుండి వెనుకకు నెట్టుచుండగా పిన్నిగారు గేటు పట్టుకొని నిలుచుండి, "డ్రైవరు వైపు తలుపు సరిగా పడదు నాయనా, మెల్లగా ఎత్తి వేయండి" అని చెప్పిరి. తుక్కుకు పోవు కారునకు ఆ జాగ్రత్త చెప్పుట విని వారిలో ఒకడు నవ్వెను. మరియొకడు మాత్రము ఆమె చెప్పినట్లే తలుపును మెల్లగా ఎత్తి వేసెను. ఏడువేల రూపాయలిచ్చిరట.

ఆ సాయంకాలము మేము పోయి ఏదో చెప్పబోతిమి. ఆమె మాకు కుర్చీ చూపి, చాలసేపటికి అనిరి:

"మీకు కుదరదని ఆ రోజే చెప్పి ఉంటే గుడివాడలో మా మరిది కొడుక్కి కబురు పెట్టేదాన్ని. వాడు ఎన్నాళ్లనుంచో అడుగుతున్నాడు. మీరు తీసుకుంటారనే వాడికి లేదని చెప్పాను. ఇల్లు పడగొట్టేవాళ్లు సోమవారం వస్తున్నారు, ఇంక వ్యవధి లేకపోయింది."

అందులో కోపము లేదు. ఉన్నచో మాకు కొంత తేలికగా ఉండెడిది.

మావారు నేటికిని నలుగురిలో చెప్పుకొను లెక్క ఒకటి కలదు. అట్టి ఫియటు ఒకటి మంచి స్థితిలో మూడు లక్షలకు అమ్మకమునకు వచ్చినదని వారెక్కడనో చూచిరి. ఇరువదివేలు ఎక్కడ, మూడు లక్షలు ఎక్కడ! మేము కాగితము తీసికొని వారి ఎదుటనే వ్రాసి చూపితిమి. బ్యాటరీలు, టైర్లు, కార్బురేటరు శుద్ధి, తుప్పుపట్టిన నేల రేకు మార్చుట, ఒకమారైన రంగు, బీమా, పదునైదేండ్లు దాటిన బండికి అయిదేండ్లకొకసారి రిజిస్ట్రేషను తిరుగవ్రాయించు ఖర్చు. ఏటికి సగటున ఎనిమిదివేలు వేసినను 28 ఏండ్లకు 2,24,000 రూపాయలు. కొన్న సొమ్ముతో కలిపి 2,44,000. ఇల్లు మారినప్పుడెల్ల దానిని నిలుపు చోటు వెదకుకొను బాధకు వెల కట్టలేదు. 1996లో పది గ్రాముల మేలిమి బంగారము అయిదువేలకు అటునిటుగా ఉండెను. ఆ ఇరువదివేలకు వచ్చు బంగారము నేడెంత చేయునో పాఠకురాండ్రకు మేము చెప్పనక్కరలేదు. నిజము చెప్పవలెనన్న, మేము బంగారమును కొనలేదు. ఆ సొమ్ము గుంటూరు కళాశాలకు పోయినది. అమ్మాయి నాలుగేండ్లలో పట్టా తీసికొన్నది. ఆ వద్దనుటను గూర్చి మాకు పశ్చాత్తాపము లేదు. నేడు అడిగినను వద్దనియే అందుము. ఆ రెండక్షరములను మూడు వారములు నోటిలో దాచుకొనుట మాత్రమే మమ్ము బాధించుచున్నది.

ఇట్లు షెడ్డులో పాత కారున్న ఇండ్లు నేటికిని కలవు. భర్త పేరనున్న కారు ఆయన గతించిన పిదప భార్య చేతికి వచ్చినచో, 30 దినములలో రవాణా కార్యాలయమునకు ఆ సంగతి తెలిపి, మూడు నెలలలోపల తన పేరునకు మార్పించుకొనుటకు దరఖాస్తు పెట్టవలెను. ఈ పని జరుగకపోవుటచేతనే ఎన్నో మంచి కార్లు కాగితములు లేక తుక్కు దారి పట్టుచున్నవి. కారు ఏబది ఏండ్లు దాటి, రూపు మారక ఉన్నచో, 2021లో కేంద్ర ప్రభుత్వము చేసిన నిబంధనల ప్రకారము దానిని పురాతన వాహనముగా నమోదు చేయించుకొనవచ్చును. క్రొత్తగా నమోదునకు రుసుము 20,000, గడువు పదేండ్లు, ఆ పిమ్మట పొడిగింపునకు 5,000. అట్లు నమోదైన కారును ప్రదర్శనలకు, ఊరేగింపులకు, మరమ్మతులకు తీసికొనిపోవచ్చునేగాని ప్రతిదినము బజారునకు నడుపరాదు. షెడ్డులో నిలిపినదానిపై ప్లాస్టికు పట్టా కప్పినచో చెమ్మ లోపలనే నిలిచి రేకును తినివేయును. నూలు దుప్పటి మేలు. బ్యాటరీ తీగ విప్పియుంచవలెను. ఎలుకలు సీటులోని పీచును గూడు చేసికొనును, కావున నెలకొకసారియైనను తలుపులు తీసి చూడవలెను. ఇవి డాక్టరుగారి పాత డ్రైవరు మాకు చెప్పిన మాటలే.

పిన్నిగారు క్రొత్త అపార్టుమెంటులో తొమ్మిదేండ్లు జీవించిరి. ఫియటు తాళపుచెవి కడవరకు ఆమె బీరువా తాళముల గుత్తిలోనే ఉండెను. లారీవారు దానిని అడుగలేదు, ఆమెయు ఇవ్వలేదు.

క్రిందటి యేడు శీతకాలమున మావారు మమ్ము హైదరాబాదులో పాత కార్ల ప్రదర్శనమునకు తీసికొనిపోయిరి. బూడిద వన్నె ఫియటు ఒకటి అచ్చట నిలిపియుండెను. మావారు యజమానిని పట్టుకొని ధర విచారించుచుండిరి. మేము ప్రక్కగా పోయి, ఆయన అనుమతి తీసికొని, డ్రైవరు వైపు తలుపును ఒకసారి తెరచి వేసితిమి. అది ఏమాత్రము ఎత్తనక్కరలేకయే చక్కగా పడినది.